నూకరత్నం ఏ వరుసలో?

మంజీర గీసుకున్న రెండు వరుసల్లో నూకరత్నం ఎందులోనూ కుదురుగా కూర్చోలేదు.

మొదటి వరుస కీహోల్ ఆపరేషన్లది. పొట్ట మీద మూడు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా, మిగతా రెంటిలోంచి సన్నటి పనిముట్లు లోపలికి దింపి, టీవీ తెర మీద చూస్తూ అపెండిక్స్ తీసేసే పద్ధతి. రెండోది పాత పద్ధతి. పొట్ట కోసి, వేలు పెట్టి వెతికి, తీసేసి, కుట్లు వెయ్యడం. బాగా లావుగా ఉన్నవాళ్ళకి ఈ రెంటిలో ఏది మేలు? అదీ మంజీర థీసిస్.

ప్రశ్న చిన్నదేం కాదు. లావు మనిషికి కోత పెడితే చాలా లోతుకి వెళ్ళాలి. ఆ కొవ్వు పొర ఒక పట్టాన మానదు. చీము పడుతుంది, మనిషిని మంచం వదలనివ్వదు. పోనీ రంధ్రాలతో చేద్దామంటే పొట్టలోకి గ్యాస్ నింపాలి. ఆ గ్యాస్ ఊపిరితిత్తుల్ని కింది నుంచి నొక్కుతుంది. అసలే బరువైన ఛాతీ, పైగా మత్తులో ఉన్న మనిషి. ఊపిరి పోవడమే కష్టమవుతుంది. ఒక్కోసారి పనిముట్లు కావలసిన చోటికి అందనే అందవు.

మంజీరకి మాత్రం జవాబు ముందే తెలుసు.

ఆమెది సంగారెడ్డి. గోదావరి ఒడ్డున ఉన్న ఆ బోధనాసుపత్రిలో సర్జరీలో పీజీ చేస్తోంది. కెమెరా ఆపరేషన్లలో ఆమె చేతివాటం చూసి సీనియర్లు కూడా ముచ్చటపడేవాళ్ళు. ఒకసారి సెమినార్లో లేచి, సన్నటి మనిషికి ఎట్లా చేసినా చెల్లుతుందిగానీ లావు మనిషికి ఈ రోజుల్లో కూడా కోత పెట్టడం అన్యాయమని గట్టిగా వాదించింది. గదిలో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

వెనక వరుసలో కూర్చున్న ప్రొఫెసర్ యోహాను గారు చప్పట్లు కొట్టలేదు. కాదనలేదు కూడా. సెమినార్ అయ్యాక ఆమె వైపు చూసి తల ఊపి వెళ్ళిపోయారు.

బత్తుల యోహాను గారు ఆ యూనిట్‌కి పెద్ద. మాట తక్కువ మనిషి. ఏ పీజీనీ అందరిముందూ కసురుకున్నట్టు ఎవరికీ గుర్తులేదు. ఎవరినైనా మెచ్చుకున్నట్టు కూడా గుర్తులేదు. కెమెరాలు లేని కాలంలో కత్తి పట్టి పని నేర్చుకున్న మనిషి కాబట్టి ఆయన మనసు కోత వైపేనని పిల్లలు అనుకునేవాళ్ళు. మంజీర కూడా అలాగే అనుకుంది. తన థీసిస్‌తో ఆ పెద్దాయన్ని ఒప్పించాలన్న పట్టుదల ఆమెలో లోలోపల ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నూకరత్నం వచ్చింది.

నూకరత్నం దగ్గరలోని ఊళ్ళో పిండిమర నడుపుతుంది. భర్త పోయాక మరని అమ్మెయ్యమని నలుగురూ చెప్పినా వినకుండా తనే నిలబడి నడుపుకొస్తోంది. డబ్బాడు బియ్యం ఒంటిచేత్తో ఎత్తి మరలో పోసే మనిషి. ఒళ్ళు కూడా దానికి తగ్గట్టే ఉండేది. కడుపులో నొప్పి మొదలైతే వీధి చివరి ఆరెంపీ డాక్టరు గ్యాస్ అన్నాడు. ఆడపడుచు తిండి తగ్గించమంది. పెద్దవాళ్ళు ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి అని పిలిచే ఆ జబ్బు లోపల ముదురుతున్నా, పైనున్న మందపాటి పొర వల్ల అది ఎవరి చేతికీ దొరకలేదు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకొచ్చారు.

మంజీర ఆమె మంచం పక్కన నిలబడి ధైర్యం చెప్పింది. మూడు చిన్న రంధ్రాలతో అయిపోతుందని, తొందరలోనే మళ్ళీ మర దగ్గర నిలబడవచ్చని చెప్పింది. కుదరకపోతే పొట్ట తెరవాల్సి రావచ్చన్న సంగతి నూకరత్నం వేలిముద్ర వేసిన కాగితం మీద ఉంది. నోటితో మాత్రం మంజీర ఆ మాట అనలేదు. తెరవాల్సి వస్తుందని ఆమె అనుకోనే లేదు.

"రంధ్రాలే కదండి?" అని నూకరత్నం స్ట్రెచర్ మీద పడుకున్నాక కూడా ఇంకోసారి అడిగింది.

"రంధ్రాలేనమ్మా," అంది మంజీర.

థియేటర్లో ఆ రోజు కెమెరా పట్టుకున్నది యోహాను గారు. అది చిన్నవాళ్ళు చేసే పని. పనిముట్లు మంజీర చేతికి వదిలి ఆయన కెమెరా పట్టుకుని నిలబడ్డారు.

లోపలంతా చీము. అపెండిక్స్ అప్పటికే పగిలి పేగు వెనక్కి నక్కి ఉంది. పేగులు ఒకదానికొకటి అతుక్కుపోయి, ఏది ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. మంజీర ఓపిగ్గా ఒక్కొక్కటే విడదీస్తూ పోయింది. కాసేపటికి దారి దొరికినట్టే ఉంటుంది, అంతలో మూసుకుపోతుంది.

"తెరుద్దామా?" అన్నారు యోహాను గారు.

"ఇంకొంచెం సేపు సార్."

ఆయన కెమెరా కదలకుండా పట్టుకున్నారు. మరికొంత సేపయ్యాక మళ్ళీ అదే మాట అడిగారు. మంజీర తెర మీంచి కళ్ళు తిప్పకుండా అదే జవాబు చెప్పింది. సెమినార్లో కొట్టిన చప్పట్లు ఆమె చెవుల్లో ఎక్కడో ఇంకా ఆగలేదేమో.

తలవైపు నిలబడ్డ మత్తు డాక్టరు చివరికి గొంతు పెంచాడు. ఊపిరి సరిగ్గా లోపలికి పోవడం లేదని, ఇక ఆగలేనని, గ్యాస్ వదిలెయ్యమని అన్నాడు.

యోహాను గారు కెమెరా పక్కన పెట్టి సిస్టర్ వైపు చెయ్యి చాపారు. సిస్టర్ ఇచ్చిన కత్తిని మంజీర చేతిలో పెట్టారు. ఆమెను పక్కకి జరగమనలేదు. ఇద్దరూ కలిసి తెరిచారు. అపెండిక్స్ బయటికి వచ్చింది. పొట్టంతా కడిగి మూశారు. నూకరత్నం బతికింది.

కానీ గాయం మానలేదు. అంత సేపు సాగిన ఆపరేషన్, అంత చీము. కొవ్వు పొరలో చీము చేరి కుట్లు విప్పెయ్యాల్సి వచ్చింది. రోజూ కడిగి, తడి గాజుగుడ్డ లోపల కుక్కి, అడుగు నుంచి కండ పట్టే దాకా ఎదురుచూడాలి. ఆమెతో పాటు చేరినవాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోయారు. కిటికీ పక్క మంచం మీద నూకరత్నం అలాగే ఉండిపోయింది.

రౌండ్స్‌లో ఆ మంచం వచ్చేసరికి మంజీర అడుగులు తొందరపడేవి. కట్టు మార్చే పని హౌస్ సర్జన్లకి అప్పగించింది. వాళ్ళలో ఒకడు గాయం ఎందుకు మానడం లేదని అడిగితే, ఆ లావుకి ఎవరు కోసినా అంతేనని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత థీసిస్ లెక్కలు వేసే సమయం వచ్చింది. నూకరత్నాన్ని ఏ వరుసలో రాయాలి?

మంజీర దీని గురించి చాలా ఆలోచించింది. చివరికి జరిగింది కోతే కదా. చీము పట్టింది కోత పెట్టిన చోటే కదా. రంధ్రాల దగ్గర ఏమీ కాలేదు. కోత ఆపరేషన్ అయిన మనిషిని కోత వరుసలోనే రాయాలి. కొందరు పెద్దవాళ్ళ పరిశోధనల్లో కూడా అలాగే చేశారు. అలా రాసి చూస్తే కీహోల్ వరుస అద్దంలా ఉంది. ఒక్క గాయమూ చెడలేదు, అందరూ తొందరగా ఇళ్ళకి వెళ్ళారు. కోత వరుస చెడిన గాయాలతో మరింత బరువెక్కింది. తను సెమినార్లో చెప్పిందంతా అంకెల్లో కనిపిస్తోంది.

ఎందుకో సంతోషం మాత్రం పూర్తిగా కలగలేదు. అయినా కాగితాలు తీసుకుని యోహాను గారి గదికి వెళ్ళింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివారు. ఒకచోట ఆగారు. ఎక్కడ ఆగారో మంజీరకి తెలిసింది. అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది. ఫలానా వాళ్ళు ఇలా చేశారు, ఫలానా చోట ఇలా రాశారు, చివరికి ఏ పద్ధతిలో అపెండిక్స్ బయటికి వచ్చిందో అదే లెక్క అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

ఆయన అంతా విన్నారు.

"ఆవిడ ఎలా ఉంది?" అన్నారు.

"కట్లు నడుస్తున్నాయి సార్."

"గాయం అడుగున కండ పడుతోందా?"

మంజీర ఆ గాయం చూసి చాలా రోజులైంది. హౌస్ సర్జన్లు చూస్తున్నారని చెప్పింది.

యోహాను గారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. కాగితాల మీద సంతకం చెయ్యలేదు. వాటిని బల్ల మీదే వదిలి లేచి నిలబడ్డారు. "రా అమ్మా," అన్నారు.

ఆడవాళ్ళ సర్జరీ వార్డు అప్పుడే టిఫిన్లు ముగించి సర్దుకుంటోంది. రౌండ్స్ వేళ కాని వేళలో పెద్ద డాక్టరు రావడం చూసి సిస్టర్ గబగబా ఎదురొచ్చింది. ఆయన కట్టు సామాను అడిగారు. తెర లాగమన్నారు. ఒక స్టూలు తెచ్చుకుని నూకరత్నం మంచం పక్కన వేసుకుని కూర్చున్నారు. మంచం మీదికి వంగి నిలబడే ప్రొఫెసర్లని నూకరత్నం చూసింది గానీ, కూర్చున్న ప్రొఫెసర్ని చూడలేదు. లేవబోయింది. ఆయన వద్దన్నారు.

"ఇవాళ నేను కడతాను. అభ్యంతరం లేదు కదా?"

"మీరా బాబుగారూ!" అని ఆవిడ సిగ్గుపడి చీర కొంగు మొహం మీదికి లాక్కుంది.

గాయం పొట్ట మడత కిందికి పాకి ఉంది. పైనున్న బరువు కిందికి జారి దాన్ని మూసేస్తుంటే గాజుగుడ్డ లోపలికి పోదు. యోహాను గారు గ్లౌజులు తొడుక్కుని మంజీర వైపు చూశారు.

"ఎత్తి పట్టుకో."

మంజీర మంచానికి అవతలి వైపు వెళ్ళి రెండు చేతులతో ఆ మడతని పైకెత్తింది. ఆ బరువు ఆమె అనుకున్నంత తేలిక కాదు. వెచ్చగా ఉంది. మడత లోపల చర్మం ఒరిసిపోయి ఎర్రగా ఉంది. అది గాయం వల్ల వచ్చింది కాదు, ఉక్కలో మర దగ్గర గంటల తరబడి నిలబడే మనిషికి ఎప్పటినుంచో ఉన్నదే. ఆపరేషన్‌కి ముందు ఆ పొట్ట మీద ఎక్కడ రంధ్రం పెట్టాలో మంజీర వేలితో కొలిచి చూసుకుంది. మడత ఎత్తి మాత్రం ఎప్పుడూ చూడలేదు.

యోహాను గారు పాత గాజుగుడ్డ తడిపి, నొప్పి తెలియకుండా అంగుళం అంగుళం బయటికి లాగారు. సెలైన్‌తో కడిగారు. తుడిచారు. మళ్ళీ కడిగారు. ఒరిసిన చర్మం కూడా తుడిచి, పొడిగా అయ్యేదాకా గుడ్డతో అద్దారు. ఏమాత్రం తొందరపడలేదు. మంజీర చేతులు లాగడం మొదలుపెట్టాయి. ఆయన తల ఎత్తి చూడలేదు.

వేరే దారి లేక మంజీర ఆ పొట్ట వైపే చూస్తూ నిలబడింది. పొడవాటి గాయం నోరు తెరుచుకుని ఉంది, అడుగున మాత్రం ఎర్రటి కొత్త కండ కనబడుతోంది. దాని చుట్టూ మూడు చిన్న మచ్చలు. పూర్తిగా మానిపోయాయి. ఒకటి బొడ్డు దగ్గర, రెండు పక్కల. వాటిని ఎక్కడ పెట్టాలో నిర్ణయించింది తనే. పెట్టిందీ తనే.

నూకరత్నం పైకప్పు వైపు చూస్తూ మెల్లగా మాట్లాడింది.

"ఒక మాట అడగొచ్చా అండి?"

అడగమన్నారు యోహాను గారు.

"నాకు చేసింది చిన్నాపరేషనా, పెద్దాపరేషనా అండి? మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా అడుగుతుందండి. రంధ్రాలన్నారు, ఇంత కోత ఏంటి అంటుందండి. ఏం చెప్పాలో తెలవడం లేదు."

యోహాను గారు గాజుగుడ్డ మడిచి సెలైన్‌లో ముంచి పిండుతున్నారు.

నూకరత్నమే మళ్ళీ అంది. "నా లావు వల్లే చెడిందంట కదండి. సన్నగా ఉంటే రంధ్రాలతోనే అయిపోయేదంట."

"ఎవరన్నారమ్మా?" అన్నారు ఆయన.

"అందరూ అంటారండి," అంది నూకరత్నం. మంజీర వైపు చూడకుండా అంది.

తెర అవతల ఎవరో మంచం జరుపుతున్న చప్పుడు వినిపించింది. మంజీర చేతుల్లో బరువు ఉంది. దాన్ని దించి పక్కకి పోయే వీలు లేదు.

"చిన్నదిగానే మొదలుపెట్టానమ్మా," అంది. "లోపల అపెండిక్స్ పగిలిపోయి ఉంది. అది మీ తప్పు కాదు. అప్పుడే తెరవాల్సింది. సార్ అడిగారు కూడా. రంధ్రాలతోనే తీస్తానని నేను పంతం పట్టాను. ఆలస్యం చేశాను. తెరవాల్సి రావచ్చని మీకు ముందే నోటితో చెప్పాల్సింది, చెప్పలేదు."

నూకరత్నం మొహం మీంచి కొంగు తీసి ఆమెని చూసింది. కోపం వచ్చిందో లేదో మంజీరకి తెలియలేదు.

"అయితే నా ఒళ్ళు కాదన్నమాట," అంది చివరికి.

"కాదమ్మా. మీ ఒంటి వల్ల పని కష్టమైంది, అంతే. చెడగొట్టింది మాత్రం మీ ఒళ్ళు కాదు."

"ఆ మాట మొదట్లోనే చెప్పుంటే బావుండేదండి. ఈ మంచం మీద పడుకుని రోజూ నన్ను నేనే తిట్టుకుంటున్నా," అంది నూకరత్నం. కంటి చివర చేరిన తడిని అరచేత్తో తుడుచుకుంది. మర దగ్గర ఎప్పుడు నిలబడవచ్చని అడిగింది.

యోహాను గారు గాయంలో గాజుగుడ్డ సర్ది, పైన కట్టు వేశారు. "దించు," అన్నారు మంజీరతో. మంజీర ఆ మడతని నెమ్మదిగా, రెండు చేతులూ కిందే ఉంచి, కట్టు కదలకుండా దించింది.

వార్డు బయట చేతులు కడుక్కుంటూ కూడా ఆయన థీసిస్ ఊసెత్తలేదు. కాగితాలు తన బల్ల మీదున్నాయని, కావాలంటే తీసుకెళ్ళమని మాత్రం అన్నారు.

ఆ మర్నాటి నుంచి నూకరత్నం కట్టు మంజీరే మార్చింది. ఎత్తి పట్టుకోవడానికి హౌస్ సర్జన్లని వంతులవారీగా పిలిచేది. గాయం ఎందుకు మానడం లేదని లోగడ అడిగిన కుర్ర డాక్టరుకి, తను అప్పుడు చెప్పింది తప్పని చెప్పి, అసలు ఏం జరిగిందో చెప్పింది. గాయం మెల్లగా పూడుకుంటూ వచ్చింది. కట్టు కట్టేటప్పుడు నూకరత్నం పిండిమర కబుర్లు చెప్పేది. మినుముల పిండి పట్టేటప్పుడు మర వేడెక్కితే పిండి రుచి పోతుందని, ఆ సంగతి తెలియక జనం తొందరపెడతారని చెప్పేది. ఒక రోజు ఆడపడుచు వచ్చినప్పుడు మంజీర కూడా అక్కడే ఉంది. నూకరత్నం ఆవిడకి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పి, ఇంక నా తిండి గురించి మాట్లాడావంటే ఊరుకోనని హెచ్చరించింది. మంజీర పంతం సంగతి కూడా దాచలేదు. మంజీర తల వంచుకుని కట్టు కడుతూనే ఉంది.

నూకరత్నం ఇంటికి వెళ్ళేనాటికి గాయం సన్నటి గీతలా మిగిలింది. వెళ్ళేటప్పుడు ఆవిడ థాంక్సులు చెప్పలేదు. మీరు కూడా వేళకి తినండి, ఎముకలు కనిపిస్తున్నాయి అని మంజీరని మందలించి ఆటో ఎక్కింది.

ఆ రోజు మంజీర కాగితాలు తీసి నూకరత్నాన్ని కోత వరుసలోంచి తీసేసి, మొదలుపెట్టింది రంధ్రాలతోనే కాబట్టి, కీహోల్ వరుసలో రాసింది. అలాగే మధ్యలో తెరవాల్సి వచ్చిన మరొకాయన్ని కూడా అక్కడికే మార్చింది. లెక్కలన్నీ మళ్ళీ మొదటినుంచి వేసింది. అద్దంలా ఉన్న వరుస మీద మరకలు పడ్డాయి. అయినా కీహోల్ కొంత మెరుగ్గానే ఉంది. సెమినార్లో చెప్పినంత మాత్రం కాదు.

యోహాను గారు చదివి, ఈసారి ఎక్కడా ఆగకుండా చివరి దాకా వెళ్ళి సంతకం చేశారు.

మంజీర వెళ్ళలేదు. ఇన్నాళ్ళూ అడగని మాట అడిగింది.

"సార్, మీ అనుభవంలో ఏది మంచిదంటారు? మీరు ఎప్పుడూ చెప్పలేదు."

ఆయన ఏదో అనబోయారు. అంతలో క్యాజువాలిటీ నుంచి ఫోను వచ్చింది. కుడివైపు పొత్తికడుపులో నొప్పి, వాంతులు, భారీ మనిషి, పరీక్షలన్నీ అపెండిక్స్ అనే చెబుతున్నాయి.

ఫోను పెట్టేసి, "పద, ఆ మనిషినే అడుగుదాం," అన్నారు యోహాను గారు.

క్యాజువాలిటీ మంచం మీద ఉన్న మనిషి పేరు బుల్లెబ్బాయి. పేరుకే బుల్లి, మనిషికి మంచం చాల్లేదు. పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండు మేళంతో తిరుగుతూ బాకా ఊదుతాడు. పక్కన అతని భార్య రెండు చేతులతో అతని పాదం పట్టుకుని నిలబడి ఉంది.

మంజీర స్కానింగ్ ఫిల్ము చేతికి తీసుకుంది గానీ ముందు అది చూడలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. చేతులు రుద్దుకుని వేడి చేసుకుని అతని పొట్ట మీద పెట్టింది. ఎక్కడ గట్టిపడుతుందో, ఎక్కడ ముడుచుకుంటాడో మొహం చూస్తూ నెమ్మదిగా నొక్కింది. మడత ఎత్తి చర్మం చూసింది. నొప్పి ఎప్పుడు మొదలైందో, పడుకుంటే ఆయాసం వస్తుందో లేదో అడిగింది. నిద్రలో గురక పెడతాడా అని భార్యని అడిగింది. వీధి చివరిదాకా వినిపిస్తుందని ఆమె చెప్పింది.

"కెమెరాతో చేస్తారంట కదండి? కొయ్యరు కదా? పొట్ట కోస్తే ఇంక బాకా ఊదలేనండి. నాకు వచ్చిన పని అదొక్కటే," అన్నాడు బుల్లెబ్బాయి.

యోహాను గారు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. మంజీర ఆయన వైపు చూడలేదు.

"రంధ్రాలతోనే మొదలుపెడతాను," అంది. "మీకు అదే మంచిదని నా నమ్మకం. కానీ లోపల ఎలా ఉందో చూశాక గానీ తెలీదు. కుదరదనిపిస్తే, మీ ఊపిరికి ఇబ్బంది అయితే, ఆగకుండా పొట్ట తెరుస్తాను. అప్పుడు మానడానికి ఎక్కువ రోజులు పడుతుంది. ఊదడం కూడా చాలా రోజులు మానుకోవాలి. ఆ తర్వాత ఊదగలరు. ఏది చేసినా మర్నాడు పొద్దున్నే మీ దగ్గరికి వచ్చి, ఏం చేశానో, ఎందుకు చేశానో నేనే చెబుతాను."

బుల్లెబ్బాయి భార్య వైపు చూశాడు. ఆమె పాదం వదలకుండానే తల ఊపింది. సరేనన్నాడు.

థియేటర్లో సిస్టర్ కెమెరా సామాను సిద్ధం చేస్తోంది. మంజీర కోత ఆపరేషన్ సామాను కూడా తెప్పించింది. మామూలుగా దాన్ని మూటగట్టి అలమరలో ఉంచుతారు, అవసరం పడితే తెస్తారు. ఆమె మూట విప్పించి, గుడ్డ పరిపించి, కత్తులూ పట్టకార్లూ తన చేతికి అందేంత దగ్గర పెట్టించింది.

"ఏది చేస్తున్నారమ్మా మీరు?" అని సిస్టర్ అయోమయంగా అడిగింది.

"ఇంకా తెలీదు సిస్టర్."

తర్వాత తలవైపు వెళ్ళి మత్తు డాక్టరుతో మాట్లాడింది. ఇబ్బంది అనిపించిన మొదటి క్షణమే చెప్పమంది. రెండోసారి చెప్పాల్సిన అవసరం రానివ్వనని కూడా అంది. అతను మాస్కు పైనుంచి ఆమెను ఎగాదిగా చూసి సరేనన్నాడు.

చేతులు కడుక్కుని లోపలికి వచ్చిన యోహాను గారు రెండు బల్లల మీదా పరిచిన సామాను చూశారు. ఒకదాని నుంచి ఇంకొకదానికి చూశారు. గౌను తొడగడానికి సిస్టర్ ముందుకి వచ్చింది. ఆయన వద్దని తల ఊపి, మాస్కు ముడి విప్పుకున్నారు.

"నేను బయట కూర్చుంటాను," అన్నారు.

మంజీర ఒక్క క్షణం తలుపు వైపు చూసింది. తర్వాత బల్ల వైపు తిరిగింది.

బుల్లెబ్బాయి కడుపులో పని తేలిగ్గా ఏమీ జరగలేదు. అపెండిక్స్ బాగా వాచి ఉంది. ఒకచోట పేగుకి అంటుకుని రానంది. మంజీర చెయ్యి ఆపి, పక్కనున్న కత్తి వైపు చూసింది. తెరవాలా అని తనని తాను అడిగింది. లోపల ఏ పంతమూ పలకలేదు. ఊపిరి ఎలా ఉందని మత్తు డాక్టరుని అడిగింది. బాగానే ఉందన్నాడు. ఇంకో దిక్కు నుంచి ప్రయత్నించింది. అతుకు విడింది. చివరికి రంధ్రంలోంచే అపెండిక్స్ బయటికి వచ్చింది. రెండో బల్ల మీద సామాను పరిచింది పరిచినట్టే ఉంది.

ఆమె థియేటర్ బయటికి వచ్చేసరికి కారిడార్లో బెంచీ మీద యోహాను గారు బుల్లెబ్బాయి భార్య పక్కన కూర్చుని ఉన్నారు. ఆవిడ ఏదో చెబుతోంది, ఆయన వింటున్నారు. మంజీరని చూడగానే ఆవిడ మాట ఆపి కంగారుగా లేవబోయింది. మంజీర ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"ఎలా ఉన్నాడు?" అన్నారు యోహాను గారు.

"రంధ్రాలతోనే..." అని మొదలుపెట్టి మంజీర ఆగింది.

ఆవిడ వైపు తిరిగింది. "మెలకువ వచ్చిందమ్మా. మీరెక్కడున్నారని అడుగుతున్నాడు," అంది.

యోహాను గారు బెంచీ మీద కొంచెం పక్కకి జరిగారు. మంజీర వచ్చి అక్కడ కూర్చుంది.